గదువకు కుట్లు వేశారు, చెవి ముందు చూశారా?

బడి మెట్ల మీద జారినా, పతంగి వెంట పరుగెత్తి స్లాబు మీంచి పడినా, బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టిన చంటివాడు సడెన్ బ్రేకుకు ముందుకు తూలినా, బోర్లా పడ్డ పిల్లల్లో ముందుగా నేలకు తగిలేది గదువే. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకునే ఒడుపు ఇంకా రాని వయసు. గదువ కింద 2 సెంటీమీటర్ల గాయం, బట్టలంతా రక్తం, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో పీహెచ్‌సీలోనో నాలుగు కుట్లు, ఒక టీటీ సూది. వారానికి కుట్లు తీస్తారు, చిన్న మచ్చ మిగులుతుంది, ఇంటిల్లిపాదీ మరిచిపోతారు. ఏడాదికో రెండేళ్లకో, పిల్లవాడు ముద్దను వేలితో లోపలికి తోసుకుని తింటున్నాడని తల్లి గమనిస్తుంది. అప్పటికి నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోదు.

పిల్లల దవడ ఫ్రాక్చర్లలో అసలు నష్టం ఎక్కువగా ఈ దారినే వస్తుంది. ఎముక అతకకపోవడమన్నది పిల్లల్లో చాలా అరుదు. అది అతికే వేగమే చిక్కు: తప్పుగా ఉన్నా అతికేస్తుంది, కదలాల్సిన కీలునూ పట్టేస్తుంది.

దెబ్బ ఒకచోట, విరిగేది ఇంకోచోట

కింది దవడ గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. దాని రెండు కొసలూ పైకి లేచి, చెవి రంధ్రానికి కాస్త ముందు, పుర్రె గుంటలో ఇమిడి కదులుతాయి. ఆ కొసనే కాండైల్ అంటారు. గదువ మధ్యలో పడ్డ దెబ్బ రెండు పక్కలా ఎముక వెంట పాకి అక్కడికి చేరుతుంది. అందుకే గాయం గదువ మీద, ఫ్రాక్చరు చెవి ముందు. ఒక్కోసారి రెండు చెవుల ముందూ విరిగి, గదువ దగ్గరా ఒక చీలిక ఉంటుంది. పిల్లల కింది దవడలో అన్నిటికంటే ఎక్కువగా విరిగే భాగం ఈ కాండైలే.

నాలుగైదేళ్ల లోపు కాండైల్ మెడ కురచగా, లావుగా ఉంటుంది. తల భాగం మాత్రం పలుచటి పెంకు లోపల రక్తనాళాలు నిండిన మెత్తటి ఎముక. దెబ్బకు మెడ తట్టుకుంటుంది, తల బెల్లపు ముద్దలా నలుగుతుంది. నలిగిన ముక్కలూ, ఎముకను పుట్టించే కణాలున్న రక్తమూ కీలు గుంటలో నిండుతాయి. నొప్పికి పిల్లవాడు నోరు తెరవడు. కీలు కదలదు. కదలని కీలులో ఆ రక్తం ముందు నారలా, తర్వాత ఎముకలా మారి, దవడనూ పుర్రెనూ ఒకటిగా అతికించేస్తుంది. దీనినే ఆంకిలోసిస్ అంటారు. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లల్లో మెడ సన్నబడి ఉంటుంది కాబట్టి విరిగేది మెడే. అదీ చాలాసార్లు పచ్చి కొమ్మ వంగినట్టు ఒకవైపు పగిలి రెండోవైపు వంగి ఊరుకుంటుంది. పూర్తిగా విరిగితే, కాండైల్‌ను పట్టుకుని ఉన్న కండరం తలను లోపలికి, ముందుకు లాగేస్తుంది.

మొత్తం మీద పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లలకు ముఖం ఎముకలు విరగడం తక్కువే. పుట్టినప్పుడు పుర్రె, ముఖం నిష్పత్తి సుమారు 8:1. పెద్దయ్యాక అది 2:1 దరిదాపుల్లోకి వస్తుంది. అంటే చిన్నపిల్లల్లో ముఖం నుదుటి చాటున దాగి ఉంటుంది, దెబ్బను తలే మోస్తుంది. బుగ్గల్లో కొవ్వు దిండులా కాపాడుతుంది. పై దవడలో సైనస్ గదులు ఇంకా పూర్తిగా పెరగలేదు కాబట్టి అది గట్టి దిమ్మె లాంటిది. ఇక్కడ దాగిన సంగతి ఒకటుంది. ఇంత రక్షణనూ దాటుకుని దవడ విరిగిందంటే దెబ్బ బలమైనదే, తలకూ మెడకూ తగిలి ఉండే అవకాశం ఎక్కువ. వాంతులు, మగత, పొంతన లేని మాటలు ఉంటే దవడ సంగతి రెండో వరుసకు పోవాలి.

కుట్టు వేసే చోటే ఐదు నిమిషాలు

గదువ చీలిన ప్రతి బిడ్డకూ కుట్టు వేసే ముందు చెవి ముందు చూడాలి. దానికి యంత్రం అక్కర్లేదు. రెండు చెవుల ముందు చిన్న గుబ్బ లాంటి మృదులాస్థి ఉంటుంది. దానికి కాస్త ముందు రెండు చేతుల వేళ్లూ ఆనించి నోరు తెరవమనాలి, మూయమనాలి. మామూలుగా వేళ్ల కింద కాండైల్ జారడం తెలుస్తుంది. ఒకవైపు ఏమీ కదలకపోయినా, నొక్కగానే బిడ్డ వెనక్కి తగ్గినా అనుమానించాలి. తెరిచేటప్పుడు గదువ ఏ వైపు వంకర పోతే ఆ వైపు కాండైలే దెబ్బతిన్నది. రెండు వైపులా విరిగితే వంకర ఉండదు. దానికి బదులు వెనక దవడ పళ్లు ముందుగా తగిలి, ముందు పళ్ల మధ్య సందు మిగులుతుంది. వంకర లేదు కాబట్టి ఏమీ కాలేదనుకుని పంపేసేది సరిగ్గా ఈ బిడ్డలనే.

నాలుక కింద చూడాలి. అక్కడ ఊదా రంగులో రక్తం గడ్డకట్టి ఉంటే దవడ విరిగినట్టే అనుకుని ముందుకు పోవాలి. చిగురు చీలిందా, పళ్ల వరుసలో మెట్టు వచ్చిందా, పాలపన్ను ఒకటి మిగతావాటి కంటే దిగిందా అన్నవి ఆ తర్వాత. చెవిలోంచి రక్తం వస్తే రెండు కారణాలుంటాయి. కాండైల్ వెనక్కి గుద్దుకుని చెవి దారి ముందు గోడ చీలి ఉండొచ్చు, లేదా పుర్రె అడుగు విరిగి ఉండొచ్చు. రెండోది కాదని తేలేదాకా చెవిలో దూది కుక్కకూడదు, చుక్కల మందు వేయకూడదు.

మాట వినే వయసు పిల్లలకు ఇంకో పరీక్ష ఉంది. గొంతు చూసే చెక్కపుల్లను ఒకవైపు దవడ పళ్ల మధ్య గట్టిగా కొరకమని, డాక్టరు ఆ పుల్లను మెలితిప్పి విరచాలి. పుల్ల విరిగేదాకా కరిచి పట్టుకోగలిగితే ఫ్రాక్చర్ ఉండే అవకాశం తక్కువ. నొప్పికి నోరు తెరిచేస్తే స్కాన్ కావాలి. మంచి పరీక్షే, కానీ మూడేళ్ల పిల్లవాడి మీద దీన్ని ప్రయోగించి ఫలితం నమ్మడం తెలివైన పని కాదు. ఆ వయసులో ఏడుపే అన్నిటికీ జవాబు.

ఎక్స్‌రే విషయంలో తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. మామూలు ముఖం ఎక్స్‌రేలో కాండైల్ మీద పుర్రె ఎముక నీడ పడుతుంది. వంగి ఊరుకున్న పచ్చి విరుపు అసలే కనపడదు. ‘ఎక్స్‌రే నార్మల్’ అన్న మాటను చిన్నపిల్లల దవడ విషయంలో ఆఖరి మాటగా తీసుకోకూడదు. దవడ మొత్తం ఒకే ఫిల్మ్ మీద వచ్చే ఓపీజీ మేలే కానీ, అందులో బిడ్డ 15 సెకన్ల దాకా కదలకుండా నిలబడాలి. ఐదారేళ్లు దాటినవారికి అది కుదురుతుంది. అంతకంటే చిన్నవారికి, లేదా చేతి పరీక్షలో గట్టి అనుమానం ఉన్నవారికి, పిల్లల మోతాదులో తీసే సీటీ స్కానే దిక్కు. తలకు ఎలాగూ సీటీ తీస్తుంటే, కింది దవడ అంచు దాకా తీయమని ఆ చీటీ మీదే రాయాలి. లేకపోతే మళ్లీ ఇంకోసారి రేడియేషన్.

దారిలో

65వ జాతీయ రహదారి మీద చిట్యాల, నకిరేకల్ దగ్గరైనా, 44వ రహదారి మీద జడ్చర్ల, కొత్తకోట దగ్గరైనా, ప్రమాదం జరిగిన చోటునుంచి సరైన చోటుకు చేరేలోపే కొన్ని పనులు చెడతాయి. మొదటిది, తలకూ గదువకూ కలిపి తువ్వాలు గట్టిగా బిగించడం. గదువ రెండు పక్కలా విరిగితే నాలుకను ముందుకు పట్టుకునే ఎముకే తెగిపోయినట్టు. కట్టు బిగించేకొద్దీ నాలుక వెనక్కి పోయి శ్వాస మూసుకుంటుంది. వాంతి వస్తే బయటికి దారి ఉండదు. మెడకు దెబ్బ తగలలేదని తేలితే పక్కకు పడుకోబెట్టి రక్తం, ఉమ్మి బయటికి కారనివ్వాలి. తెలివిగా ఉన్న బిడ్డ ముందుకు వంగి కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి. తనకు ఊపిరి ఎలా ఆడుతుందో వాడికే బాగా తెలుసు. మెడ మీద అనుమానం ఉంటే 108 సిబ్బంది వచ్చేదాకా తల, మెడ, ఒళ్లు ఒకే దుంగలా తిప్పడం తప్ప ఇంకేమీ చేయకూడదు.

రక్తం లెక్క పెద్దవాళ్లతో పోల్చుకోకూడదు. పిల్లల ఒంట్లో కిలోకు 70 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం. 12 కిలోల బిడ్డకు మొత్తం కలిపి లీటరు సీసా నిండదు. నాలుక తెగి ఒక టవలు తడిసిందంటే అది చిన్న సంగతి కాదు.

పన్ను ఊడి కనపడకపోతే దాన్ని వెతకాలి. దొరకకపోతే మింగి ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లోకీ పోయి ఉండొచ్చు. ఛాతీ ఎక్స్‌రే అందుకే. దొరికింది శాశ్వత దంతమైతే వేరు భాగాన్ని ముట్టకుండా, పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే పది సెకన్లు నీళ్ల ధార కింద కడిగి, వెంటనే అదే గుంటలో పెట్టాలి. కుదరకపోతే చల్లటి పాలలో వేసి తేవాలి. గంట దాటితే వేరు మీది పొర బతకడం కష్టం. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న శాశ్వత దంతపు మొలక దెబ్బతింటుంది. ఆరు, పన్నెండేళ్ల మధ్య ఏది ఏదో తేల్చుకోలేకపోతే పాలలో తేవడమే క్షేమం.

ఇక చాయ్ బిస్కెట్. పెద్దాసుపత్రికి పంపిన బిడ్డకు దారిలో ఏదో ఒకటి తినిపించడం మన అలవాటు. మత్తు ఇవ్వాలంటే ఘనాహారం, పాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపాలి. షాద్‌నగర్ దగ్గర ఇచ్చిన రెండు బిస్కెట్ల వల్ల ఆపరేషన్ మర్నాటికి పోయిన సందర్భాలు ఎవరికీ కొత్త కాదు. నొప్పికి పారాసెటమాల్ చాలు: కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు దాటకుండా. సిరప్‌లు 5 మిల్లీలీటర్లలో 125, 250 అని రెండు బలాల్లో దొరుకుతాయి. సీసా మీద చూడకుండా మూతతో కొలిచి పోస్తే మోతాదు సగమో రెట్టింపో అవుతుంది.

చేరాల్సిన చోటు మాక్సిల్లోఫేషియల్ సర్జన్, అంటే దవడ, ముఖం ఎముకలు సరిచేసే సర్జన్ ఉన్న ఆసుపత్రి. డెంటల్ కాలేజీలన్నిటిలో ఆ విభాగం ఉండి తీరాలి. ఈ ప్రాంతంలో మహబూబ్‌నగర్‌లో ఒకటి, నార్కట్‌పల్లిలో ఒకటి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనే, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. తలకు దెబ్బ ఉంటే మాత్రం ముందు న్యూరో సర్జన్, ఐసీయూ ఉన్నచోటికే. ప్రమాదం కేసని, పోలీసు కాగితం లేదని అత్యవసర చికిత్స ఆపే హక్కు ఏ డాక్టరుకూ లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. చికిత్స ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో చేరిన రోజే ఆరోగ్యమిత్రను అడగాలి, డిశ్చార్జి రోజు కాదు.

కాండైల్‌కు కత్తి కంటే కదలిక

కాండైల్ విరిగిన పిల్లల్లో ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం ఉండదు. పన్నెండేళ్ల లోపు ఎముకకు తన ఆకారాన్ని తానే దిద్దుకునే శక్తి ఉంది. వంగిపోయిన తల కరిగి, సరైన దిశలో కొత్త తల ఏర్పడటం తర్వాతి స్కాన్లలో కనిపిస్తుంది. స్కాన్ చూసి ‘ముక్క పక్కకు పడి ఉంది, ప్లేట్ వేద్దాం’ అనడం పెద్దవాళ్లకు సరిపోయే ఆలోచన. పిల్లల్లో ఆ కోత ముఖ నరానికి ప్రమాదం, కాండైల్‌కు వెళ్లే రక్తానికి ప్రమాదం, ఆ మచ్చ వల్ల ఎదుగుదలకూ అడ్డే. తెరవాల్సిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: కాండైల్ పుర్రె లోపలికి గుచ్చుకుపోవడం, కీలులో గాజు ముక్క లాంటిది ఇరుక్కోవడం, ఎన్ని చేసినా పళ్లు కలవనంతగా ముక్క అడ్డుపడటం.

పళ్లు ముందటిలాగే కలుస్తుంటే వైర్లు కూడా అక్కర్లేదు. మెత్తటి తిండి, నొప్పి మందు, మూడు నాలుగు రోజుల్లో నొప్పి తగ్గగానే నోరు తెరిచే కసరత్తు. పళ్లు కలవకపోతే పై, కింది పళ్లకు రబ్బర్లు వేసి 7 నుంచి 10 రోజులు పట్టి ఉంచాలి. రెండు వారాలు దాటకూడదు. పెద్దల పద్ధతిలో నాలుగు వారాలు, ఆరు వారాలు బిగించి పెడితే, ఆంకిలోసిస్‌కు కావాల్సిన నిశ్చలతను మనమే సమకూర్చినట్టు. పసరు కట్టు కట్టి నెల్లాళ్లు దవడ కదలనివ్వకపోవడంలోని ముప్పూ ఇదే. చేతికి, కాలికి పనికొచ్చిన సూత్రం ఈ కీలుకు పనికిరాదు.

కసరత్తుకు ఐస్‌క్రీం పుల్లలు సరిపోతాయి. ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్ల మందం. కొత్తవి కడిగి, ముందు పళ్ల మధ్య నొప్పి లేకుండా పట్టినన్ని పేర్చి, మధ్యలోకి ఇంకొకటి మెల్లగా దూర్చాలి. పది నిమిషాలు ఉంచి తీయాలి. రోజుకు నాలుగైదుసార్లు. నాలుగైదు రోజులకోసారి ఒక పుల్ల పెరగాలి. దీంతోపాటు అద్దం ముందు నిలబడి, గదువను మధ్య గీత దాటనివ్వకుండా తెరవడం, మూయడం. పెద్దపిల్లలు అద్దం మీద స్కెచ్ పెన్‌తో గీత గీసుకుని చేస్తే ఆటలా సాగుతుంది. కనీసం మూడు నెలలు ఆపకూడదు. నొప్పి పోగానే ఆపేయడమే అన్నిచోట్లా జరిగే తప్పు.

కొలతకు ఆ బిడ్డ చేతి వేళ్లే స్కేలు. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ నిలువుగా ముందు పళ్ల మధ్య పడితే తెరుచుకోవడం బాగున్నట్టే. తండ్రి వేళ్లతో కొలిస్తే లెక్క తప్పుతుంది. వారానికోసారి స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి నోటుబుక్కులో రాయాలి. వరుసగా రెండు వారాలు అంకె తగ్గితే తర్వాతి తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

మొలకల మధ్య స్క్రూ

గదువ పక్కన, దవడ మధ్య భాగంలో విరిగితే లెక్క వేరు. ఇక్కడ ముక్కలను కుదిర్చి పట్టి ఉంచాలి. కానీ దేనికి పట్టించాలి? ఆరేళ్ల పిల్లల రెండు దవడల్లో 20 పాలపళ్లూ, జ్ఞానదంతాలు కాక 28 శాశ్వత దంతాలూ ఏదో ఒక దశలో కిక్కిరిసి ఉంటాయి. కింది కోరపన్ను మొలకైతే దవడ కింది అంచుకు చాలా దగ్గరగా కూర్చుని ఉంటుంది. అక్కడ ఎముక కంటే పన్నే ఎక్కువ. విరిగిన గీత కూడా చాలాసార్లు ఆ మొలక గుండానే పోతుంది. చూడకుండా వేసిన స్క్రూ ఆ పన్నును చంపుతుంది, లేదా వంకరగా మొలిపిస్తుంది.

పళ్లకు వైర్లు కట్టడమూ వయసును బట్టే. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పాలపళ్ల వేర్లు గట్టివే. కానీ వాటి పైభాగం పొట్టిగా, చిగురు దగ్గర ఉబ్బుగా ఉండటంతో వైరు పైకి జారిపోతుంది. ఆరు నుంచి పదేళ్ల మధ్య ఇంకా కష్టం: కొన్ని పళ్లు ఊడుతుంటాయి, కొన్ని సగం మొలిచి ఉంటాయి. పళ్ల వరుస వెంట వైర్లతో కట్టే లోహపు పట్టీని, ఆర్చ్ బార్‌ను, బిగిస్తే ఫ్రాక్చర్ కుదరకముందే పాలపన్ను వైరుతో సహా చేతికొస్తుంది. పన్నెండు దాటితే పెద్దల పద్ధతులు చాలావరకు సరిపోతాయి. పళ్లకు అతికించే బ్రాకెట్లు మధ్యేమార్గం. నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు పిల్లల్లో ఇక్కడొక స్థానిక చిక్కు ఎదురవుతుంది. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్ మీద, బ్రాకెట్ అతికించే ముందు రాసే యాసిడ్ సరిగ్గా పట్టదు, బ్రాకెట్లు తొందరగా ఊడుతాయి. యాసిడ్ ఉంచే సమయం పెంచడం, పైపొరను కాస్త గీకి అతికించడం లాంటివి చేసినా, రబ్బర్ల లాగుడుకు అవి నిలుస్తాయన్న ధీమా ఉండదు.

ఇన్ని అడ్డంకుల మధ్య పాతకాలపు అక్రిలిక్ స్ప్లింటే ఇప్పటికీ నమ్మకమైనది. పళ్ల మీద తొడిగి, దవడ ఎముక చుట్టూ తీగతో బిగించే పారదర్శకమైన తొడుగు అది. ముందు ఆల్జినేట్‌తో పై, కింది పళ్ల అచ్చు తీస్తారు. బిడ్డ సహకరించకపోతే మత్తులోనే తీయాలి. కింది అచ్చుతో పోసిన గట్టి ప్లాస్టరు నమూనాలో విరిగిన చోటు మెట్టులా కనిపిస్తుంది. ఆ గీత వెంట నమూనాను సన్నటి రంపంతో కోసి, రెండు ముక్కలనూ పై నమూనా పళ్లతో కలిసేలా కుదిర్చి, మైనంతో అతికిస్తారు. అంటే దెబ్బ తగలకముందు పళ్ల వరుస ఎలా ఉండేదో ప్లాస్టరులో ముందే కట్టేస్తారు. దాని మీద స్ప్లింట్ తయారవుతుంది. కొరికే ఉపరితలం తెరిచి ఉంచితే, తొడిగాక పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో కంటితో చూసుకోవచ్చు.

తర్వాత థియేటర్. మత్తు గొట్టం ముక్కు గుండా వేస్తారు. సర్జన్ ముక్కలను చేత్తో కుదిర్చి స్ప్లింట్ తొడుగుతాడు. అది చివరిదాకా దిగితే ఎముక కుదిరినట్టే. దిగకపోతే, తొడుగును అరగదీసే ముందు ముక్కలు నిజంగా కుదిరాయా అని చూడాలి. గదువ కింద చర్మం మీద 2, 3 మిల్లీమీటర్ల గంటు పెట్టి, ఆల్ అనే కంత ఉన్న సూదిని ఎముక లోపలి వైపు ఆనించి నాలుక పక్కకు పంపుతారు. 26 గేజి స్టీలు తీగను దాని కంతలో దూర్చి కింది అంచు దాకా లాగి, సూదిని పూర్తిగా బయటికి తీయకుండానే అంచు చుట్టూ తిప్పి పెదవి వైపుకు తెస్తారు. తీగ బిగించే ముందు రంపంలా ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు ఆడించాలి. ఈ చిన్న పని మరిస్తే తీగకూ ఎముకకూ మధ్య మెత్తటి కండ ఇరుక్కుంటుంది. నాలుగు రోజులకు అది నలిగి, తీగ వదులై, స్ప్లింట్ ఊగుతుంది. ఇలా ముందు ఒకటి, వెనక రెండు పక్కలా ఒక్కొక్కటి, మూడు తీగలు వేస్తే చాలు. నోరు మూసి కట్టాల్సిన పని లేదు, బిడ్డ ఆ సాయంత్రమే నోరు తెరిచి జావ తాగుతాడు. కాండైల్ కూడా విరిగి ఉన్న బిడ్డకు ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదు: గదువ నిశ్చలంగా, కీలు కదులుతూ.

మూడు వారాలకు తీసేయొచ్చు. తీసేటప్పుడు నోట్లో ఉన్న మురికి తీగను ఎముక చుట్టూ లాక్కురాకుండా, ఒకవైపు చిగురుకు ఆనించి కత్తిరించి, బెటాడిన్‌తో తుడిచి, రెండో వైపు నుంచి లాగాలి.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలహీనత సమయం. అచ్చు హైదరాబాద్ ల్యాబుకు పోయి రావడానికి నాలుగు రోజులు పడితే, పిల్లల ఎముక అప్పటికే జిగురు పట్టడం మొదలుపెడుతుంది. వారం దాటితే కుదర్చడం కష్టం, రెండు మూడు వారాలకు ఎముక గట్టిపడిపోతుంది. వేడి అక్కర్లేకుండానే గట్టిపడే అక్రిలిక్‌తో ఆసుపత్రిలోనే ఆ పూటే చేసుకోవడం ఇందుకే నయం. అందంగా ఉండకపోయినా టైముకు అందుతుంది. ‘పండుగ అయినంక పోదాం’ అనుకుని పదిహేను రోజులకు వచ్చిన బిడ్డలో, మెట్టు 1, 2 మిల్లీమీటర్లే ఉండి పళ్లు దాదాపు కలుస్తుంటే, మళ్లీ విరగ్గొట్టి కుదర్చడం కంటే వదిలేయడమే మంచిది. ఎదుగుదల కొంత దిద్దుతుంది, మిగిలింది తర్వాత పళ్ల క్లిప్పులతో సరిచేయొచ్చు.

ముక్కలు బాగా పక్కకు జరిగి స్ప్లింట్‌తో నిలవనప్పుడు ప్లేట్ తప్పదు. అప్పుడూ 1.5 మిల్లీమీటర్ల సైజు మినీ ప్లేటును మొలకల కింద, దవడ కింది అంచునే వేయాలి. బయటి పొరలోకి మాత్రమే దిగే 4 మిల్లీమీటర్ల పొట్టి స్క్రూలు వాడాలి. డ్రిల్ పెట్టేముందు సీటీలో ఆ చోట మొలక ఎంత లోతున ఉందో కొలవాలి. టైటానియం ప్లేటును రెండు మూడు నెలలకు తీసేయడం మంచిది. ఎముక దాని మీదుగా పెరిగి కప్పేస్తే తర్వాత తవ్వి తీయాలి. ఈ రెండో ఆపరేషన్ సంగతి మొదటి రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి, తేదీ కాగితం మీద రాసివ్వకపోతే ప్లేటు అక్కడే మిగులుతుంది. కరిగిపోయే ప్లేట్లతో ఈ బాధ లేదు కానీ, వాటి ఖరీదు ఎక్కువ, ప్రతి స్క్రూకూ ముందు మర కోయాలి.

తిండి విషయం క్లుప్తంగా: రాగి జావ, పాలు, పప్పు కట్టు, పెరుగులో మెత్తగా పిసికిన అన్నం, ఉడికించి నలిపిన గుడ్డు. నోరు కట్టి ఉన్నవారికి ఇవే మిక్సీలో వేసి, వడగట్టి, గ్లాసుతో. వారానికోసారి బరువు చూడాలి. మూడు, నాలుగు వారాలు జొన్న రొట్టె, మక్క కంకులు, చెరుకు, పల్లీ పట్టీ వద్దు. పతంగుల కాలమే సకినాల కాలం కూడా కావడం ఈ బిడ్డల దురదృష్టం. తిన్న ప్రతిసారీ ఉప్పు నీళ్లతో పుక్కిలించి, స్ప్లింట్ అంచుల వెంట మెత్తటి బ్రష్షు తిప్పాలి.

కన్ను, ముక్కు

రెండు సంగతులకు మాత్రం గంటల లెక్క వర్తిస్తుంది. కంటి గుంట అడుగు ఎముక పిల్లల్లో తలుపు రెక్కలా తెరుచుకుని, కంటి కండరాన్ని పట్టుకుని మూసుకుపోతుంది. కన్ను తెల్లగానే ఉంటుంది, వాపు కూడా పెద్దగా ఉండదు. బిడ్డ పైకి చూడలేడు, చూడబోతే వాంతి, నాడి నెమ్మది. దీన్ని తల దెబ్బ వాంతులుగా పొరపడి పరిశీలనలో పెట్టేస్తే, ఇరుక్కున్న కండరం చచ్చిపోతుంది. 24 నుంచి 48 గంటల్లో విడిపించాలి. రెండోది ముక్కు నడిమి గోడకు రెండు పక్కలా మెత్తగా ఉబ్బిన రక్తపు గడ్డ. టార్చి వేసి ముక్కు రంధ్రాల్లోకి చూడటమే దాని పరీక్ష. అదే రోజు గంటు పెట్టి తీసేయాలి, లేకపోతే మృదులాస్థి కుళ్లి ముక్కు దూలం కుంగిపోతుంది. మామూలు ముక్కు ఫ్రాక్చర్ అయితే వాపు తగ్గేదాకా మూడు నాలుగు రోజులు ఆగి, వారం లోపు సరిచేయొచ్చు.

పదేళ్ల నోటుబుక్కు

కాండైల్ విరిగిన బిడ్డను 1, 3, 6, 12 నెలలకు చూసి, ఆ తర్వాత ఎదుగుదల ఆగేదాకా ఏడాదికోసారి చూడాలి. ఆడపిల్లలకు సుమారు 16, మగపిల్లలకు 18 ఏళ్లు. కాండైల్ కింది దవడ ఎదుగుదలకు ముఖ్యమైన కేంద్రం. ఒకవైపు ఎదుగుదల మందగిస్తే గదువ ఆ వైపుకు మెల్లగా జరుగుతుంది. రెండు వైపులా అయితే గదువ వెనక్కి పోయి పక్షి ముఖంలా కనిపిస్తుంది, రాత్రి గురక, నిద్రలో ఊపిరి ఆగడం మొదలవుతాయి. ముందుగా పట్టుకుంటే క్లిప్పుల లాంటి పరికరాలతో కొంత మళ్లించొచ్చు. కీలు అతుక్కుపోయాకైతే అతికిన ఎముకను కోసి తీసి, కీలు స్థానంలో తరచూ పక్కటెముక ముక్కను అమర్చి, మూడో రోజు నుంచే మళ్లీ అవే పుల్లల కసరత్తు చేయించాలి. నోరు తెరవని బిడ్డకు మత్తు గొట్టం వేయడమే ఒక పెద్ద పని. కెమెరా ఉన్న సన్నటి గొట్టం, దాన్ని వాడటం తెలిసిన మత్తు డాక్టరు లేనిచోట దానికి పూనుకోకూడదు.

పాలమూరు వైపు ఈ పదేళ్ల లెక్కకు అసలు అడ్డం వలస. నారాయణపేటలోనో మక్తల్‌లోనో పడ్డ బిడ్డ ఆర్నెల్లకు తల్లిదండ్రుల వెంట ముంబైలోనో పుణెలోనో ఉంటాడు. అక్కడి డాక్టరుకు పాత కథ ఏమీ తెలియదు. అందుకే సీటీ సీడీని, డిశ్చార్జి కాగితాన్ని ఆసుపత్రి ఫైల్లో కాక ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలి. నోటుబుక్కు మొదటి పేజీలో పడ్డ తేదీ, అప్పటి వయసు, ఏ వైపు కాండైల్, తలా మెడా, ఎన్ని రోజులు రబ్బర్లు వేశారు, తీసిన రోజు నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంది అన్నవి రాయాలి. ఆ కింద ప్రతి ఆర్నెల్లకూ ఒక కొలత, ఒక ఫోన్ ఫోటో: నోరు మూసి, పళ్లు కలిపి, ఎదురుగా. రెండు కనుబొమల మధ్య నుంచి ముక్కు కొస మీదుగా ఒక దారం పట్టుకుంటే గదువ ఆ దారం కింద ఉందా, పక్కకు పోయిందా అన్నది ఇంట్లోనే తెలిసిపోతుంది.